నొప్పులే, జ్వరం కాదు

ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి మా బిస్కెట్ల కంపెనీలో అందరికీ నొప్పులే. జ్వరం మాత్రం ఒక్కరికీ రాలేదు. బయట ఊరు ఊరంతా దోమల జ్వరంతో మూలుగుతోంది, ఆసుపత్రిలో మంచాలు చాలక మనుషుల్ని నేల మీద పడుకోబెడుతున్నారు, మా గేటు లోపల మాత్రం జ్వరమన్న మాటే వినపడదు. అంతటి ఆరోగ్యవంతులం మేము.

సంగతేమిటంటే, గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి తుపాకీ లాంటి యంత్రం ఒకటి ఇచ్చారు. నుదుటికి గురిపెట్టి నొక్కితే ఒంటి వేడి చూపిస్తుంది. వేడి ఉంటే ఇంటికి. జ్వరమని నోటితో చెప్పినా ఇంటికే. తినే వస్తువు తయారయ్యే చోట జబ్బు మనిషి ఉండకూడదని పైవాళ్ళ రూలు. రూలు మంచిదే, కాకపోతే ఇంటికి పంపిన రోజులన్నీ నాగా కిందే లెక్క. దాంతో జ్వరమనే మాటను మేమందరం నాలుక మీంచి దించేశాం. ఒళ్ళు కాలిపోతున్నవాడు కూడా "కాస్త నొప్పులుగా ఉందిరా" అనేవాడు. విన్నవాడు అర్థం చేసుకుని రెండడుగులు పక్కకి జరిగేవాడు. నొప్పులు అంటుకునే కంపెనీ లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది.

ఆ మాట మీద మొదట పరాచికాలాడింది మా వదినే. సరుకు మోసే మీసాలాయన ఒకసారి పిండి బస్తా దించి, గోడకి చేరబడి, "నొప్పులుగా ఉందమ్మా" అన్నాడు. వదిన లైను అవతల నుంచి, యంత్రాల మోత మీదుగా, "ఎన్నో నెల బాబాయ్?" అని కేక పెట్టింది. ఆడవాళ్ళందరం పడీ పడీ నవ్వాం. ఆ మీసాలాయన కూడా నవ్వాడు. ఆయన బతికాడు.

వదిన అంటే మా ఆయనకి అక్క, నాకు ఆడపడుచు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా! మా ఇంట్లో నాకు ఆవిడే ముప్పాతిక మొగుడు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా జడ దాకా అన్నిట్లో వేలు పెట్టేది. కంపెనీలో ఆవిణ్ణి సైరన్ అని పిలిచేవాళ్ళు, గొంతు అలాంటిది. కట్టుకున్నవాడు ఎటో పోయాక పుట్టింటికి వచ్చి, తమ్ముణ్ణి సాకి, వాడికి పెళ్ళి చేసి, ఆ వచ్చిన పెళ్ళాన్ని కూడా తన వెంటే కంపెనీలో పెట్టించిన మనిషి. నేను ప్యాకింగ్‌లో, ఆవిడ ఓవెన్ లైను మీద. రోజుకి వెయ్యి తిట్లు తిట్టేది నన్ను. నా మీద ఇంకెవరైనా ఒక్క మాట అంటే మాత్రం వాళ్ళ వంశం మొత్తాన్ని కడిగి ఆరేసేది.

ఆ సీజన్ ఆఖర్న ఓవెన్ లైను మేస్త్రి పని మానేస్తున్నాడు. ఆ పని నీకే ఇస్తానని మేనేజరు వదినతో అన్నాడు. అంతకుముందు ఏ ఆడమనిషికీ అది ఇవ్వలేదు. షరతు ఒకటే, చేతిలో ఉన్న పెద్ద ఆర్డరు పూర్తయ్యే దాకా నాగా ఉండకూడదు. మేస్త్రికి లైను పక్కన ఒక కుర్చీ ఉంటుంది. ఉత్త ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు వంకర. ఓవెన్ సెగలో నిలబడి నిలబడి సాయంత్రానికి వదిన పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ఆ కుర్చీ కోసం ఆవిడ ఎంత ఆశ పడిందో నాకు తెలుసు.

"కూర్చోగానే నన్ను మర్చిపోతావేమో" అన్నాను ఓసారి.

"మర్చిపోవడమా? ముందు నిన్నే పనిలోంచి తీసేస్తా. నీ చేతిలో పగిలినన్ని బిస్కెట్లు ఎలకలు కూడా కొరకలేదు" అంది.

*

ఒక పొద్దున ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. స్నానాల గది తలుపు మీద గుద్దులు లేవు, మా ఆయన మీద కేకలు లేవు. చూస్తే వదిన గడప మీద కూర్చుని, కంపెనీ టోపీ ఒళ్ళో పెట్టుకుని, గోడకి తల ఆనించి ఉంది. చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, ఒళ్ళు పెనంలా కాలుతోంది."

"ఓవెన్ ముందు పనిచేసేదాని ఒళ్ళు ఐసుగడ్డలా ఉంటుందా?"

"ఇంకా పనికే వెళ్ళలేదు, ఇంట్లో ఓవెన్ ఎక్కడుంది?"

"నీకు లాయరు మొగుడు దొరకాల్సింది, ఖర్మకాలి మా తమ్ముడు దొరికాడు" అంది కళ్ళు తెరవకుండా. "కళ్ళ వెనక ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టుందే. కీళ్ళన్నీ విరుస్తున్నట్టుంది. నొప్పులు. అంతే."

"ఇది జ్వరం."

"నోరు ముయ్. గోడలకి చెవులుంటాయి."

మా గోడకి నిజంగానే చెవులున్నాయి. పక్క వాటాలో ఉండేది కంపెనీ గుమస్తా. లోపలి నుంచి మా అత్తయ్య కూడా, "నొప్పులేనమ్మా, రెండు రోజుల్లో పోతాయి" అని వంత పాడింది. ఆవిడకి కంటి చూపు సరిగ్గా ఆనదు గాని, కూతురి ముఖంలో ఏముందో చూడకుండానే చెప్పగలదు. అలా చెప్పిందంటే కూతురు చెప్పించుకున్నట్టే లెక్క.

రేకు డబ్బాలో జ్వరం మాత్రలు ఎప్పుడూ ఉంచుతాను. ఒకటి తీసి నీళ్ళ గ్లాసు ఇచ్చాను. వేసుకుంది. వేడి కాస్త దిగింది, గేటు దాటింది, పనిచేసింది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. ఇంటికొచ్చాక ఇంకోటి ఇవ్వబోతే చెయ్యి తోసేసింది.

"నీ మాత్ర ఉప్పూకారం లేని కూర. వేడి తగ్గితే చాలా? ఈ ఒంటినొప్పులతో రేపు ట్రేలు లాగొద్దూ?" అని తమ్ముణ్ణి పిలిచింది. "ఒరేయ్, కంపెనీ ఎదుటి షాపుకెళ్ళి నొప్పుల మాత్ర పట్రా. గట్టిది. నొప్పులకని అడుగు. ఆ షాపు నిండా మనవాళ్ళే ఉంటారు. జ్వరమని నోరు జారావో, నువ్వు నాకు తమ్ముడివే కావు."

"డాక్టరుకి చూపిస్తే పోయేది గదక్కా."

"చూపిస్తా. ఆర్డరు అయ్యాక ఊళ్ళో డాక్టర్లందరికీ చూపిస్తా. ముందు వెళ్ళు."

మా ఆయనకి వ్యాను నడపడం, అక్క మాట వినడం, ఈ రెండే వచ్చు. వెళ్ళి తెచ్చాడు. ఏమన్నాడు షాపాయన అని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఆ మాత్ర అమోఘంగా పనిచేసింది. వేసుకున్న కాసేపటికి చెమట పట్టేది, వేడి దిగేది, కీళ్ళు కదిలేవి. వదిన దాన్ని మెచ్చుకోని పూట లేదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, చాలాసార్లు ఖాళీ కడుపు మీదే. గేటు దగ్గర వాచ్‌మన్ యంత్రం గురిపెడితే, "కాల్చు నాయనా, కాల్చు" అని నుదురు చూపించేది. వాడు నవ్వి పంపించేవాడు. నేను జ్వరమని అన్నప్పుడల్లా, "నీ నోట్లో నా నోరు పెట్టా" అని కసిరేది. ఆ కసురులో పస తగ్గుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత ఒక పొద్దున ఆవిడ ఒళ్ళు చల్లగా ఉంది. మాత్ర వేసుకోకముందే చల్లగా ఉంది. అత్తయ్య నుదురు తడిమి, మెడ తడిమి, "పీడ విరగడైపోయిందమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. మా ఆయన ముఖం విప్పారింది. నేను కూడా సంతోషించాను. వదిన మాత్రం కడుపులో మంటగా ఉందని గ్లాసెడు పాలు కూడా ముట్టకుండా, అలవాటు కొద్దీ ఒక మాత్ర మింగి, టోపీ పెట్టుకుంది.

*

ఆ రోజు లైను జోరుగా నడుస్తోంది. ఓవెన్లోంచి ట్రేలు వచ్చి బెల్టు మీద పడుతున్నాయి, మేం ఏరి సర్దుతున్నాం. సైరన్ మోగడం లేదు. ఎప్పుడూ నా వీపు మీద పడుతుండే కేకలు లేకపోతే చేతులు ఆడటం లేదు నాకు. తిరిగి చూశాను. వదిన బెల్టు అంచు పట్టుకుని వంగి నిలబడి ఉంది. కంపెనీ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది. తెల్ల చొక్కా చెయ్యి ఎర్రబడింది. మళ్ళీ తుడుచుకుంది.

పరుగెత్తాను. చేతులు మంచులా ఉన్నాయి. పెదవుల రంగు పోయింది. పళ్ళ సందుల్లో రక్తం.

"కడుపులో పొడుస్తోందే పిల్లా" అంది చిన్నగా. "ఎవరికీ చెప్పకు. ఇంకో రెండు రోజులే. ఆర్డరు అయిపోవస్తోంది."

"పద, బయటికి పోదాం."

"నువ్వెళ్ళి నీ చోట నిలబడు. నీకు దణ్ణం పెడతా."

వదిన నాకు దణ్ణం పెడతాననడం అదే మొదలు. లైను చివరికి తిరిగి, "మేస్త్రీ, మా వదినకి జ్వరం! దోమల జ్వరం! బండి పిలిపించు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, యంత్రాల మోతలో కూడా ఆఖరి ట్రే దాకా వినపడింది. అందరూ నేనేదో బూతు కూసినట్టు తలలు తిప్పి చూశారు. ఎవరో బెల్టు ఆపారు.

వదిన నా వైపు చూసింది.

"చంపేశావు గదే" అంది.

ఆ కుర్చీ పోయిందని ఆవిడ బాధ. ఆ మాటకి ఆవిడ ఉద్దేశం అంతే.

*

కబురందుకుని వచ్చిన మా ఆయన వ్యానులోనే, దారిలో అత్తయ్యని ఎక్కించుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వరండాలో నాలుగు వరసల మంచాలు, ఆఖరి మంచం ఖాళీ అయితే దాని మీద పడుకోబెట్టారు. పక్క మంచం మీద మా ప్యాకింగ్ ఆవిడే ఒకామె ఉండి, అత్తయ్యని పలకరించింది. డాక్టరమ్మ వచ్చి, కళ్ళు చూసి, పొట్ట నొక్కి చూసి, "జ్వరం ఎప్పట్నించి?" అని అడిగింది.

అత్తయ్య పక్క మంచం వైపు ఒకసారి చూసింది. "జ్వరం లేదమ్మా. ఉత్త నొప్పులే" అంది.

"ఉంది డాక్టరుగారూ, వారం కాలేదు గాని దగ్గర దగ్గర అంతే" అన్నాను నేను.

"ఇప్పుడు లేదు తల్లీ" అంది అత్తయ్య పట్టు విడవకుండా. "కావాలంటే పట్టుకు చూడు, ఒళ్ళు చల్లగా ఉంది."

"అదేనమ్మా నా భయం" అంది డాక్టరమ్మ.

ఆవిడ కోపంగా అనలేదు. నర్సుతో సెలైను పెట్టించి, రక్తానికి పంపించి, మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పింది. ఈ జ్వరంలో వేడి ఉన్న రోజుల కన్నా వేడి దిగిన రోజు ప్రమాదమట. బాగైపోయిందని అందరూ ఊపిరి పీల్చుకునే పూటే లోపల అసలు గొడవ మొదలవుతుందట. కడుపునొప్పి, వాంతులు, ఎక్కడైనా రక్తం, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు పరుగెత్తుకు రావాలట. మేము ఆ పొద్దున పీడ విరగడైందనుకుని ఆవిణ్ణి పనికి పంపించాం.

"ఏం మాత్రలు వేశారు?"

మా ఆయన జేబులోంచి అట్ట తీసి ఇచ్చాడు. చాలావరకు ఖాళీ. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది నొప్పుల మాత్ర. వానాకాలం జ్వరానికి ఇది ఎవరిచ్చారు మీకు?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. "కంపెనీ ఎదురుగా మందుల షాపాయన" అని నేనే చెప్పాను.

"ఏ జ్వరమో పరీక్షలో తేలే దాకా పారాసిటమాలే వెయ్యాలి, అదీ మోతాదు మించకుండా, మధ్యలో ఎడం ఇచ్చి. ఈ జ్వరానికి రక్తం గడ్డకట్టే శక్తి అసలే పడిపోతుంది. నొప్పుల మాత్ర ఆ మిగిలిన కాస్తనీ చెడగొడుతుంది, పైగా కడుపులో పుండు చేస్తుంది. ఆవిడకి లోపల రక్తం పోతోంది."

"జ్వరం మాత్రలు మా ఇంట్లోనే ఉన్నాయి" అన్నాను.

డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "అవి వేసుంటే గండం గడిచేదని ఒట్టేసి చెప్పలేనమ్మా. ఇంత రక్తం పోయేది కాదని మాత్రం అనుకుంటాను" అంది.

రక్తం ఎక్కించారు. మళ్ళీ ఎక్కించారు. వదిన మర్నాడు సాయంత్రం పోయింది. మధ్యలో కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూసింది, తల్లి చెయ్యి పట్టుకుంది. నాతో ఏమీ అనలేదు. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట లైను మీద అన్నదే.

*

మనిషి పోయిన ఇంట్లో ఏడుపు ఉంటుంది. మా ఇంట్లో ఏడుపు అత్తయ్యది, మౌనం మా ఆయనది, కోపం నాది. ఎవరి వాటా వాళ్ళం తీసుకున్నాం. ఆసుపత్రిలో అబద్ధమాడిందని కొన్నాళ్ళు అత్తయ్యతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. కాని కడుపుకోత పడ్డ మనిషి మీద ఎంతకని కోపం నిలుస్తుంది? నా కోపానికి ఒక చోటు కావాలి. అది నాకు కంపెనీ ఎదురుగానే దొరికింది.

షిఫ్టు వదిలే వేళ, షాపు ముందు జనం ఉండగా వెళ్ళి నిలబడ్డాను. షాపాయన సన్నగా, తెల్లగా, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని ఉంటాడు.

"జ్వరమో నొప్పులో కనుక్కోకుండా చేతికొచ్చిన మాత్ర ఇచ్చి మా వదినని మింగేశావు. నీ చేతులు పడిపోను!"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. నన్ను చూశాడు, నా వెనక వ్యాను దగ్గర నిలబడ్డ మా ఆయనని చూశాడు. "అడిగానమ్మా" అన్నాడు మెల్లగా.

"ఏమడిగావయ్యా? డబ్బులడిగావు! అడిగినవాడివి ఇచ్చేవాడివా?"

ఆయన మళ్ళీ మా ఆయన వైపే చూశాడు. మా ఆయన వచ్చి నా రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. నేను అక్కడితో ఆగలేదు. నీళ్ళ కుళాయి దగ్గర, ప్యాకింగ్ బల్ల దగ్గర, కనిపించిన ప్రతి మనిషికీ ఆ షాపు మెట్లెక్కొద్దని చెప్పాను. చాలామంది ఎక్కడం మానేశారు. ఖాళీ కౌంటరు వెనక ఆయన కూర్చుని ఉంటే చూసి నా కడుపు చల్లబడేది. అప్పట్లో నాకున్న సుఖం అదొక్కటే, దాచడం దేనికి.

మా ఆయన తిండి సగం మానేశాడు. ఆ షాపు ముందు నుంచి పోవాల్సి వస్తుందని వ్యాను చుట్టుదారిన తిప్పుకుపోయేవాడు. నాలాగే ఆయనకీ ఆ షాపాయన ముఖం చూడాలంటే మంటేమో అనుకున్నాను. ఓవెన్ లైను మేస్త్రిగా ఇంకెవరినో వేశారు. ఆ కుర్చీ వైపు చూడకుండా పనిచేయడం నేర్చుకున్నాను.

వానలు వెనకపట్టే రోజుల్లో అత్తయ్య మంచం మీంచి లేవలేదు. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. రేకు డబ్బా తెరిస్తే అందులో ఏమీ లేదు. కూతురు పోయిన వారంలోనే ఆవిడ ఇంట్లో ఉన్న మందులన్నీ, మంచిదేదో చెడ్డదేదో చూడకుండా మురిక్కాలువలో పోసేసిందట.

"నాకే మాత్రా వద్దు. నా పిల్ల దగ్గరికి పోతాను" అని పెదాలు బిగించుకుంది.

"పోదువుగాని. ముందు నన్ను ఒంటరిదాన్ని చేసి పోవడానికి నీకు మనసెలా వస్తుందో చెప్పు" అన్నాను. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారాయి, పెదాలు కాస్త సడలాయి.

సెలవు రోజు. వీధి చివరి షాపు మూసి ఉంది, ఆ పై వీధిలోదీ మూసే ఉంది. ఇక తెరిచి ఉన్నది కంపెనీ ఎదుటి షాపే. నేను ఆ గడప తొక్కనన్నాను. మా ఆయన వ్యాను ఆపి, కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుని, "నువ్వూ రా" అన్నాడు. ఆయన గొంతు విని దిగాను.

సెలవైనా ఆ రోజు షాపులో అయిదారుగురు ఉన్నారు. అందరూ మావాళ్ళే. గేటు వాచ్‌మన్ దగ్గు మందుకి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి అందరూ తప్పుకున్నారు, మళ్ళీ గొడవకొచ్చాననుకుని. షాపాయన లేచి నిలబడ్డాడు. ముఖంలో విసుగూ లేదు, భయమూ లేదు.

"ఎవరికి బాబూ?"

"మా అమ్మకి."

"ఏమిటి బాధ? ఒళ్ళు నొప్పులా?"

మా ఆయన కౌంటరు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"జ్వరమేమైనా ఉందా?" అని అడిగాడు షాపాయన.

"ఉందండీ" అన్నాడు మా ఆయన. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు. "జ్వరం ఉంది. ఆ రోజు మా అక్కకి కూడా ఉంది. మీరు ఇలాగే అడిగారు. ఒకటికి రెండుసార్లు అడిగారు. జ్వరముంటే ఈ మాత్ర వెయ్యకూడదని కూడా చెప్పారు. పక్కన వాచ్‌మన్ ఉన్నాడని నేనే లేదన్నాను."

నేను షాపాయన వైపు చూడలేక అద్దాల బీరువా వైపు చూశాను. అందులో నా ముఖమే కనిపించింది.

చెప్పాను గదా అని ఆయన ఒక్క మాట అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని జ్వరం మాత్రల అట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు గాని, మీద చెయ్యి తియ్యలేదు. అమ్మ వయసెంత, కాలేయం జబ్బేమైనా ఉందా, ఇంకేమైనా మందులు వాడుతోందా, జ్వరం ఎప్పుడు మొదలైంది, కడుపులో నొప్పి ఉందా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, ఒంటికి ఎంత సేపటికోసారి వెళుతోంది అని ఒక్కొక్కటే అడిగాడు. మా ఆయన అడిగినవాటన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెబుతూ, అందరి ముందూ ఏడ్చాడు.